కరకట్టకు అవతలి ఊరు

తెనాలి నుంచి కొల్లూరు మీదుగా కృష్ణ వైపు వెళ్తుంటే దోనేపూడి దగ్గర రోడ్డు ఉన్నట్టుండి పైకెక్కుతుంది. చుట్టుపక్కల కొండ అన్నదే లేని నేల ఇది. ఆ ఎత్తు మనుషులు పోసిన మట్టి, కృష్ణ కుడి కరకట్ట. దాని మీద నిలబడి పడమరకు తిరిగితే కాలువలు, బోదెలు, గట్లు కట్టిన వరి మడులు కనుచూపు మేర పరుచుకుని ఉంటాయి. తూర్పుకు తిరిగితే అరటి తోటలు, పసుపు చేలు, కంద చేలు, తమలపాకు తీగ పాకిన అవిశె చెట్లు, వాటి నడుమ నదీపాయ. ఆ పాయ దాటితే ఊళ్ళు. పోతార్లంక, గాజుల్లంక, పెసర్లంక, పెదలంక. పేరు చివర లంక అని ఉంటే ఆ ఊరు కృష్ణమ్మ ఒడిలోనో ఒడ్డునో ఉన్నట్టే.

గట్టుకు అటూ ఇటూ ఉన్నది ఒకే జనం. ఇటు పిల్లను అటు ఇస్తారు, అటు పిల్లను ఇటు తెచ్చుకుంటారు. వ్యవసాయం మాత్రం ఒకటి కాదు. ఇటువైపు రైతు నీళ్ళు రాలేదని దిగులు పడే ఆగస్టులోనే అటువైపు రైతు నీళ్ళు వస్తాయేమోనని నిద్ర మానుకుంటాడు. లంక ఊరు గురించి మనకు తెలిసేది వరద వచ్చిన నాలుగు రోజులే, అదీ టీవీలో పడవల బొమ్మలుగా. మిగతా మూడు వందల అరవై రోజులు అక్కడ బతుకు ఎలా నడుస్తుందో తెలిస్తే గాని, ఆ నాలుగు రోజుల్లో ఏం పోతుందో అర్థం కాదు.

ముందు గట్టుకు ఇవతలి సంగతి చెప్పుకోవాలి. 1832–33లో గుంటూరు సీమను నందన కరువు ఊడ్చేసింది. లక్షమందికి పైగా చనిపోయారు. పక్కనే కృష్ణ పారుతున్నా ఆ నీళ్ళు పొలానికి ఎక్కే దారి లేదు. ఆ తర్వాత 1852–55 మధ్య బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టారు. ఆ పాత ఆనకట్ట 1952లో తెగిపోతే, దాని చోట 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. పడమటి డెల్టాకు నీళ్ళిచ్చే కాలువ సీతానగరం దగ్గర మొదలై, దుగ్గిరాల లాకుల దగ్గర కొమ్మలుగా చీలి బాపట్ల, రేపల్లె, నిజాంపట్నం దిక్కులకు పోతుంది. ఆయకట్టు 5.71 లక్షల ఎకరాలు. ఈ కాలువ నీటి మీదనే, బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో విడుదల చేసిన సాంబ మసూరి పండుతోంది. బస్తాల మీద బి.పి.టి. 5204 అని రాసి ఉండేది ఆ బియ్యమే. బి.పి.టి. అంటే బాపట్ల. దేశమంతా తినే అన్నంలో ఈ ఊరి పేరు ఉంది.

ఇవతలి రైతుకూ కష్టం తక్కువేమీ కాదు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడి ఉన్న చేలోనే మినుము చల్లేవారు. ఎకరానికి పదహారు, పద్దెనిమిది కిలోలు. కోసేవాళ్ళ కాళ్ళ కింద పడి గింజ తడినేలలో కూరుకుని, దున్నకుండా, తడి పెట్టకుండా, మంచుకే పంట వచ్చేది. పల్లాకు తెగులు వచ్చి ఆ అదృష్టాన్ని దెబ్బ తీసింది. చాలామంది మొక్కజొన్నకు, జొన్నకు మారారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నీళ్ళపాలైంది. అయినా ఇవతలి రైతుకు ఒక కాలువ ఉంది, ఒక అధికారి ఉన్నాడు, అడగటానికి ఒక ఆఫీసు ఉంది. ఇక గట్టు దిగుదాం.

నది నెమ్మదించిన చోట మోసుకొచ్చిన ఇసుకను దించేస్తుంది. మొదట అది ఒక తిన్నె. మరుసటి వరదలకు దాని మీద ఒండ్రు పడుతుంది. రెల్లు మొలుస్తుంది. రెల్లు వేళ్ళు మట్టిని పట్టుకుంటాయి, ఇంకాస్త ఒండ్రు ఆగుతుంది. గొడ్లను మేపుకునేవాళ్ళు ముందు వస్తారు. తర్వాత ఎవరో దోస, పుచ్చ పెడతారు. ఆ తర్వాత పసుపు, అరటి. అప్పటికి మెరక మీద నాలుగు గుడిసెలు, ఒక రామాలయం, ఒక చర్చి. ఊరైపోతుంది. ఇలా నది పోసిన మట్టి మీద మనిషి నివాసం ఇక్కడ కొత్తది కాదు. పక్కనే భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ తవ్వి తీసిన ధాతుపేటికల మీద ఉన్న రాతలు ఇంచుమించు ఇరవై రెండు శతాబ్దాల నాటివి.

నది పుట్టించిన నేల ఎవరిది? ఇక్కడే లంక రైతు కథ చిక్కుపడుతుంది. చాలా లంక భూములు సర్కారువి. ప్రభుత్వం వీటిని మూడు తరగతులు చేసింది. గట్టిపడి స్థిరంగా ఉన్నది ఎ, కొంత స్థిరపడినది బి, వరద తడిపి పోయేది సి. ఎ, బి రకాలకు పట్టా ఇవ్వవచ్చు, సి రకానికి లీజే. కొన్ని చోట్ల దళిత కుటుంబాల సహకార సంఘాలకు భూములు ఇచ్చారు. వాటిని ఊళ్ళో ఇప్పటికీ సొసైటీ భూములంటారు. కాగితం మీద ఒకరి పేరు, సాగులో మరొకరు, నదిలో కలిసిన భాగానికి ఎవరూ లేరు. ఎ రకం, బి రకం అన్న మాటలు ఆఫీసులో స్థిరంగా ఉంటాయి. నది మాత్రం ప్రతి పెద్ద వరదకూ నేల తరగతిని మార్చి పోతుంది.

లంకలో వరి కనిపించదు. ఇక్కడ ఖరీదైన పంటలే. ఒండ్రు నేల, కాస్త తవ్వితే నీళ్ళు ఊరే బోరు, ఆ రెండూ కలిసి రైతును అటు తోస్తాయి. పసుపునే తీసుకోండి. జూన్ లో నాటటానికి ఎకరానికి సుమారు పది క్వింటాళ్ళ విత్తన కొమ్ము కావాలి. తొమ్మిది నెలల పంట. ఫిబ్రవరి, మార్చిలో తవ్వి, ఇనప బాణల్లో ఉడకబెడతారు. ఆ వారాల్లో లంక ఊరికి వెళ్ళి చూడండి. పొయ్యి కింద ఎండు అరటి మట్టలు, చెత్త చిటపటలాడుతుంటాయి. బాణలి అంచుల మీద నురగ పొంగి ఆవిరి లేస్తుంది, ఊరంతా పచ్చి పసుపు వాసన. ఒక ముసలాయన కొమ్మును తీసి పుల్ల గుచ్చి చూస్తాడు. మెత్తగా దిగితే దించెయ్యమంటాడు, దిగకపోతే ఇంకో మంట. ఎక్కువ ఉడికితే రంగు పోతుంది, తక్కువైతే పురుగు పడుతుంది. తొమ్మిది నెలల పెట్టుబడి ఆ పుల్ల మొన మీద ఉంటుంది. ఆ తర్వాత పది పదిహేను రోజుల ఎండ, డ్రమ్ములో మెరుగు, కొమ్ము వేరు కాయ వేరు ఏరటం, దుగ్గిరాల యార్డు. అయిదు బస్తాల పచ్చి పసుపు ఎండితే ఒక బస్తా.

కందకు విత్తనమే సగం పెట్టుబడి. తల్లి దుంపను ముక్కలు కోసి నాటాలి, ఆ దుంపలు ఊరికే రావు. అరటి ఏడాది దాటి గాని గెల చేతికి ఇవ్వదు, ఆ తర్వాత పిలక మీద రెండో పంట. తమలపాకు తోట అయితే ముందు అవిశె పెంచి, దాని మీద తీగ పాకించి, కొన్నేళ్ళపాటు ఆకు కోసుకునే పని. ఇలా లంకలో ఏ పంటైనా నేలలో చాలాకాలం ఉండేదే. జూన్ లో పెట్టిన డబ్బు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, అంటే సరిగ్గా కృష్ణకు వరద వచ్చే నెలల్లో, లేత దుంపగా మట్టిలోనే ఉంటుంది.

ఆ నెలల్లో లంక రైతు ఫోనులో చూసుకునేది ధరలు కాదు, బ్యారేజి అంకె. ఆ అంకె ఎలా చదవాలో చెప్తాను. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, దాదాపు 28 లీటర్లు. బ్యారేజి నుంచి వదిలేది నాలుగు లక్షల క్యూసెక్కులకు చేరువైతే మొదటి ప్రమాద హెచ్చరిక. అయిదున్నర లక్షలు దాటితే రెండోది. మొదటిదానికే పల్లపు చేలలోకి నీళ్ళు వస్తాయి, లోలెవల్ చప్టాలు మునుగుతాయి. రెండోదానికి ఊరి వీధి. 2009 అక్టోబరులో బ్యారేజి అంకె 11 లక్షలు దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షలకు చేరింది.

బ్యారేజి దగ్గర ఆపి ఉంచలేరా అని చాలామంది అడుగుతారు. లెక్క వేసి చూడండి. ప్రకాశం బ్యారేజి పట్టే నీరు 3.07 టి.ఎం.సి.లు, అంటే 307 కోట్ల ఘనపుటడుగులు. 11.43 లక్షల క్యూసెక్కుల వేగంతో వస్తే ఖాళీ బ్యారేజి నిండటానికి ముప్పావు గంట పడుతుంది. పైనున్న పులిచింతల జలాశయం పట్టేది 45.77 టి.ఎం.సి.లు. అది ఖాళీగా ఉన్నా పదకొండు గంటల్లో నిండిపోతుంది. కాబట్టి వచ్చిన నీటిని వచ్చినట్టు వదలటం తప్ప 70 గేట్లకూ మరో పని లేదు. వదిలిన నీరు కొన్ని గంటల్లో కొల్లూరు లంకలకు వస్తుంది. రెండు కరకట్టల మధ్య ఇమడాలి కనుక పైకి లేస్తుంది. గట్టుకు ఇవతల లక్షల ఎకరాలు పొడిగా ఉండటానికి, అవతల లంకలు మునగటానికి కారణం ఒకటే గట్టు. 2009లో ఓలేరు దగ్గర ఆ గట్టు తెగినప్పుడు రేపల్లె దాకా నీళ్ళు వచ్చాయి. లంకవాళ్ళు ఏటా భయపడే నీళ్ళు ఆ ఒక్కసారి ఇవతలివాళ్ళ ఇళ్ళలోకి కూడా వచ్చాయి.

ఒక లంక ఊళ్ళో ఒక ఇంటి వసారా గోడ మీద సుద్దతో గీసిన రెండు గీతలు చూశాను. కింది గీత పక్కన 2009, పైగీత పక్కన 2024. పైగీత నా భుజం దాటి ఉంది. ఇంటావిడ వాటిని చూపిస్తూ, నీళ్ళు వచ్చింది ఒక రాత్రే, వారం దాకా కదల్లేదని చెప్పింది. ఆమెకు వరద అంటే ఎత్తు కాదు, ఎన్నాళ్ళు నిలిచింది అన్నదే. పసుపు చేలో మూడు రోజులు నీరు నిలిస్తే దుంప కుళ్ళు మొదలవుతుంది. అరటి నాలుగైదు రోజులు ఓర్చుకుంటుంది, ఆ తర్వాత ఆకు పసుపురంగుకు తిరిగి వేరు నల్లబడుతుంది. కంద పైకి పచ్చగానే కనబడి కింద నీళ్ళలా అయిపోతుంది. నీరు తీసిన రోజు ఊరంతా పారలతో బయటికొచ్చి చేల గండ్లు కొట్టేది అందుకే. ఇల్లు కడుక్కోవటం ఆ తర్వాత.

ఇంత తెలిసీ ఎందుకుంటారని అడిగేవాళ్ళకు జావా ద్వీపం సంగతి చెప్పాలనిపిస్తుంది. అక్కడ మెరాపీ అగ్నిపర్వతం 2010లో పేలి మూడు వందల మందికి పైగా చనిపోయారు. ఆ వాలుల మీద ఊళ్ళు మళ్ళీ లేచాయి. బూడిద పడిన నేలలో పంట బాగా వస్తుంది గనుక. కృష్ణతో లంకదీ అదే ఒప్పందం. ఒక పంట తీసుకుపోతావు, ఒండ్రు ఇచ్చిపోతావు. తాతల నాడు మునిగిన మరుసటి ఏడు పసుపు విరగపండేదని పెద్దవాళ్ళు చెప్పే మాటలో నిజం ఉంది.

ఆ ఒప్పందంలో నది తన వంతు ఇవ్వలేకపోతోంది. 1967లో నాగార్జున సాగర్ వచ్చింది, ఆ తర్వాత శ్రీశైలం. ఇంకా పైన ఆల్మట్టి. కృష్ణ మోసుకురావలసిన ఒండ్రులో ఎక్కువ భాగం ఆ జలాశయాల అడుగున కూర్చుంటోంది. కిందికి వచ్చేది ఒండ్రు తగ్గిన నీరు. అలాంటి నీరు ఒడ్డును కోస్తుంది, ఒండ్రు పోయటం తగ్గిస్తుంది. దానికి తోడు లంకల్లో బుసక తవ్వకాలు. బుసక అంటే ఇసుక కలిసిన మెత్తటి నది మట్టి. ఇల్లు మెరక చేయటానికో, ఇటుకలకో లారీల్లో పోతుంది. ఒకచోట లోతుగా తవ్వితే వరద ఆ గుంటలో సుడి తిరిగి పక్క చేను గట్టును తినేస్తుంది. నా దృష్టిలో లంక ఊళ్ళకు మునక కంటే పెద్ద ప్రమాదం ఈ కోతే. మునిగిన చేనులో మళ్ళీ నాటుకోవచ్చు.

మళ్ళీ నాటేవాడెవరన్నది మిగిలిన ప్రశ్న. లంకలో పార పట్టేవాళ్ళలో చాలామంది కౌలుదారులు. ముందే కౌలు కట్టి, అప్పు తెచ్చి నాటతారు. వాళ్ళకోసం 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దాని కింద ఇచ్చే కార్డు ఉంటే నష్టపరిహారం, బ్యాంకు అప్పు అడగొచ్చు. కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. పెడితే భూమి మీద పేచీ వస్తుందేమోనని చాలామంది పెట్టరు. సర్కారు లంకలో, కాగితం లేని సొసైటీ చేలో, యజమాని ఎవరన్నదే తేలదు గనుక సంతకం అడిగే చోటే లేదు. వరద పరిహారం రాసుకునే ఉద్యోగి చేను దగ్గరికి వస్తాడు, మునిగిన పంటను చూస్తాడు, పుస్తకంలో ఉన్న పేరు రాసుకుంటాడు. ఆ చేలో మోకాలిదాకా బురదలో నిలబడ్డ మనిషి పేరు అందులో ఉండదు. సాగుచేసే మనిషిని ఆ రోజు అక్కడే, ఇరుగు పొరుగు సాక్ష్యంతో రాసుకునే వీలు కల్పించటం పెద్ద ఖర్చయ్యే పని కాదు. ఒడ్డు కోసుకుపోకుండా రాతి కట్టుబడి వేయటానికి ఖర్చవుతుంది, నిజమే. దానికీ దీనికీ ముడిపెట్టి రెండూ వాయిదా వేయటం మాత్రం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

కార్డు దొరికినవాళ్ళకూ ఒక చిక్కుంది. దాని గడువు పదకొండు నెలలు. వరి రైతుకు అది చాలు, పసుపు రైతుకూ సరిపోతుంది. 2024 వరద తీశాక ఆ సుద్ద గీతల ఇంటివాళ్ళు పాయ అవతలి నుంచి పిలకలు తెచ్చి అరటి నాటారు. ఏడాది దాటి గెల వంగే నాటికి, వాళ్ళకు కార్డు వచ్చి ఉన్నా, అందులోని గడువు ముందే అయిపోయి ఉండేది.