కొబ్బరి పురుగును కాచుకొనియుండు చిన్న కందిరీగ

దింపునకు చెట్టెక్కిన కార్మికుడు క్రింది మట్టలు మాడినట్లున్నవని చెప్పినచో, కోనసీమ రైతు మొదట నీటి కొరతయనియో, ఎరువు లోపమనియో తలచును. ఆకును త్రిప్పి చూచినగాని అసలు సంగతి తెలియదు. అడుగుభాగమున పట్టుదారములతోను, తన విసర్జనములతోను గూడు అల్లుకొని, నల్లతల గొంగళి పురుగు పచ్చదనమును గోకి తినుచుండును. తెగులు ముదిరినచో రాబోవు దింపులలో కాయ తగ్గును.

ఈ పురుగునకు ప్రకృతిలోనే విరోధులు కలవు. అవి చీమంత చిన్న కందిరీగలు. వ్యవసాయాధికారులు వీనిని బదనికలందురు. చూరునకు గూడు పెట్టు కందిరీగలవలె ఇవి మనుష్యుల వెంటబడునవి కావు.

వీనిలో గోనియోజస్ అనునది ఎదిగిన గొంగళి పురుగును వెదకి కుట్టును. ఆ విషమువలన పురుగు చచ్చుబడి మేత మానును. పెరుగుదల అంతటితో నిలిచిపోవును. ఆహారము ఇక పెరుగదు గనుక తల్లి పురుగు పరిమాణమును బట్టియే గ్రుడ్లు పెట్టును. ఉన్న బియ్యమును బట్టి విస్తళ్లు వేసినట్లు. పిల్లలు గూళ్లు కట్టుకొనువరకు తల్లి ప్రక్కనేయుండి కాచును. కీటకములలో ఇట్టి మాతృరక్షణ అరుదు. గొంగళి పురుగు తరమునకు సుమారు రెండు నెలలు పట్టగా, బదనిక తరము రెండు వారములలో ముగియును.

అపాంటెలిస్ అను మరియొక బదనిక పద్ధతి వేరు. అది లేత పురుగు దేహములోనే గ్రుడ్డు పెట్టును. పురుగు తినుచు తిరుగుచునేయుండును గాని, తిన్నదానిలో పాలు లోపలి పిల్లకు పోవును. పురుగు పూర్తిగా ఎదుగకమునుపే పిల్ల వెలువడి తెల్లని గూడు కట్టుకొనును, పురుగు నశించును. కావున పురుగు కదలుచున్నంత మాత్రమున బదనిక పనిచేయలేదనుకొనరాదు. ఈ తొందరపాటుతోనే కొందరు మందు పిచికారీకి దిగుదురు.

పంచాయతీ సభ్యులకు మా మనవి ఇచ్చటనే. ఒకరు బదనికలను వదలిన వారమునకే ప్రక్క తోటలో మందు కొట్టినచో ముందుగా చచ్చునవి బదనికలే; గూటిలో దాగిన పురుగు చాలవరకు తప్పించుకొనును. రెక్కలు వచ్చిన పిదప అది గట్టు దాటి పొరుగు తోటకు పోవును. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానము నూకలలో పెరుగు పురుగులపై గోనియోజస్ వంటి బదనికలను పెంచి రైతులకు అందించుచు వచ్చినది. గ్రామములోని తోటలలో కొన్ని మట్టలు కోయించి పురుగులను లెక్కించి, ఆ లెక్కతో అచ్చటి శాస్త్రజ్ఞులను సంప్రదించవలెను. వదలు తేదీని, మందు కొట్టరాని దినములను పంచాయతీ ముందుగా దండోరా వేయించినచో రైతులందరకు ఒకేమారు తెలియును.