ఉద్యోగం మధ్యలో పర్యావరణ ఇంజినీరింగ్‌.. ఏ పట్టా అక్కరకొస్తుంది?

విశాఖపట్నం: పరవాడ ఫార్మాసిటీలోనో, అచ్యుతాపురం సెజ్‌లోనో పదేళ్లుగా నాణ్యత పరీక్షల ప్రయోగశాలలో పనిచేస్తున్న ఎమ్మెస్సీ రసాయనశాస్త్ర పట్టభద్రుణ్ని ఊహించుకుందాం. వయసు 35కు చేరువవుతుంటుంది. ఇంటి రుణం వాయిదాలు నడుస్తుంటాయి. పిల్లలు బడిలో ఉంటారు. రాత్రి షిఫ్టులతో విసిగిన ఆయన కన్ను అదే ఆవరణలోని వ్యర్థజలాల శుద్ధి కేంద్రంపై పడుతుంది. పర్యావరణ విభాగంలోకి మారాలంటే ఎంటెక్‌ చేయాలా, మరో ఎమ్మెస్సీ చేయాలా, ఉద్యోగం చేస్తూనే ఏదైనా డిప్లొమా పూర్తిచేస్తే చాలా అన్న సందేహం అక్కడే మొదలవుతుంది. చాలామంది ముందు కోర్సును ఎంచుకుని, ఆ తర్వాత కొలువు వెతుకుతారు. ఈ రంగంలో ఆ వరుస తిరగబడాలి. ఏ కొలువు కావాలో ముందు తేల్చుకుని, దాని అర్హతల్లో ఏ పట్టా రాసి ఉందో చూసుకున్నాకే ఉద్యోగానికి రాజీనామా గురించి ఆలోచించాలి.

ఈ ప్రాంతానికి ఈ అంశం కొత్తదేమీ కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక వాడలకు కాలుష్య సూచీ కట్టినపుడు విశాఖపట్నం, పటాన్‌చెరు-బొల్లారం రెండూ అతి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాకెక్కాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌.ఆర్‌.వెంకటాపురంలో స్టైరీన్‌ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు కోల్పోయిన దుర్ఘటనను జిల్లా మరచిపోలేదు. కర్మాగారంలో పర్యావరణం, భద్రత చూసే వ్యక్తికి విషయం తెలిసి ఉండటం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

సర్కారు కొలువుకు బీటెక్కే తాళంచెవి

కాలుష్య నియంత్రణ మండలిలో సహాయ పర్యావరణ ఇంజినీరు కావాలన్నది చాలామంది కోరిక. ఏపీపీఎస్సీ 2024లో ఈ పోస్టులకు నోటిఫికేషన్‌ ఇచ్చింది. సివిల్‌, కెమికల్‌, ఎన్విరాన్‌మెంటల్‌ వంటి శాఖల్లో ఇంజినీరింగ్‌ డిగ్రీ ఉన్నవారే ఇందుకు అర్హులు. ఎంటెక్‌ తప్పనిసరి కాదు. కాబట్టి బీటెక్‌ సివిల్‌ చదివి ఏదో నిర్మాణ సంస్థలో పనిచేస్తున్న వ్యక్తి ఈ కొలువు కోసమే రెండేళ్లు వెచ్చించి ఎంటెక్‌ చేయనవసరం లేదు. ఆ సమయాన్ని పోటీ పరీక్ష తయారీకి కేటాయిస్తే మేలు. ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం చదివిన వారు ఆ పైన పర్యావరణ శాస్త్రంలో మరో ఎమ్మెస్సీ చేసినా ఈ తలుపు తెరుచుకోదు. వయోపరిమితి మరో చిక్కు. 30లు దాటిన వారు వయసు సడలింపులతో సహా తమకు ఎన్ని నోటిఫికేషన్లు అందుతాయో ముందే లెక్క వేసుకోవాలి. పోస్టుల సంఖ్యా తక్కువే, నోటిఫికేషన్లూ ఏటా రావు.

రసాయనశాస్త్రం వారికి దగ్గరి దారి

అయితే రసాయనశాస్త్ర పట్టభద్రులు నిరాశపడనక్కరలేదు. వారికి చట్టంలోనే ఒక దారి ఉంది, అది చాలామందికి తెలియదు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నిబంధనల్లో ప్రభుత్వ విశ్లేషకుని అర్హతలను పదో నిబంధన చెబుతుంది. సైన్సులో డిగ్రీ ఉంటే పర్యావరణ పరీక్షలు చేసే ప్రయోగశాలలో ఐదేళ్ల అనుభవం కావాలి. సైన్సులో పీజీ ఉంటే రెండేళ్లు చాలు. అంటే ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం ఉన్నవారికి కొత్త పట్టా అవసరమే లేదు, కావలసింది సరైన ప్రయోగశాలలో రెండేళ్ల అనుభవం. ఇక్కడొక మెలిక ఉంది. మందుల నాణ్యత పరీక్షల్లో గడిపిన పదేళ్లు ఆ రెండేళ్ల కింద చెల్లుతాయని అనుకోరాదు. నీటి, గాలి నమూనాలు పరీక్షించే గుర్తింపు పొందిన ప్రయోగశాలకు మారవలసి ఉంటుంది. జీతం కాస్త తగ్గినా, రెండేళ్లు పూర్తిగా జీతం లేకుండా ఉండటంతో పోలిస్తే ఇది తేలికైన భారమే.

పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలు తయారుచేసే సలహా సంస్థలది మరో దారి. 2006 నాటి ఈఐఏ నోటిఫికేషన్‌ ప్రకారం పర్యావరణ అనుమతి పొందవలసిన ప్రాజెక్టులకు ఈ నివేదికలు రాసే సంస్థలు నాబెట్‌ గుర్తింపు పొందాలి. వాటిలో గాలి, నీరు, భూగర్భ జలం, ఘన వ్యర్థాలు, జీవవైవిధ్యం, సామాజిక ఆర్థికం ఇలా ఒక్కో అంశానికి ఒక్కో నిపుణుడు ఉండాలి. ఆయా అంశానికి తగిన చదువు, అనుభవం రెండూ చూస్తారు. భూగర్భ శాస్త్రం, వృక్షశాస్త్రం చదివిన వారికి కూడా ఇక్కడ చోటుంది. పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీకి అసలు విలువ ఈ రంగంలోనే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పర్యావరణ శాస్త్రాల విభాగం ఉంది. ఇగ్నో దూరవిద్యలోనూ పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ అందిస్తోంది.

ఎలక్ట్రానిక్స్‌, ఇన్‌స్ట్రుమెంటేషన్‌ వారి సంగతి ఇంకా సులువు. 17 రకాల అధిక కాలుష్య పరిశ్రమలు పొగగొట్టాల వద్ద, వ్యర్థజలాల వద్ద నిరంతర పర్యవేక్షణ పరికరాలు అమర్చుకోవాలని కేంద్ర మండలి 2014లో ఆదేశించింది. ఆ పరికరాల అమరిక, సరిచూపు పనులకు పర్యావరణ పట్టా అడిగేవారు అరుదు.

ఎంటెక్‌ ఎవరికి?

శుద్ధి కేంద్రాలకు రూపకల్పన చేయాలన్నా, గాలిలో కాలుష్యం ఎంత దూరం విస్తరిస్తుందో గణించాలన్నా, అధ్యాపక వృత్తిలోకి వెళ్లాలన్నా ఎంటెక్‌ తప్పనిసరి మెట్టు అనుకోవచ్చు. వ్యర్థజలాల శుద్ధి కేంద్రాన్ని నడపడం వేరు, దానిలో ట్యాంకు ఎంత ఉండాలో, గాలి ఎంత పంపాలో లెక్కించడం వేరు. మొదటిది పని నేర్పుతుంది. రెండోదానికి గురువు కావాలి.

గేట్‌లో పర్యావరణ శాస్త్రం, ఇంజినీరింగ్‌కు 2021 నుంచి ప్రత్యేక పేపరు వచ్చింది. అంతకుముందు ఈ రంగంలోకి రావాలనుకునేవారు సివిల్‌, కెమికల్‌ వంటి పేపర్లు రాయవలసి వచ్చేది. కొత్త పేపరులో పర్యావరణ రసాయనశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, నీరు-మురుగునీటి శుద్ధి, గాలి, శబ్ద కాలుష్యం, ఘన-ప్రమాదకర వ్యర్థాలు ఉంటాయి. దీంతో సైన్సు నేపథ్యం వారికి కొంత ఊరట. గణితం, హైడ్రాలిక్స్‌ మాత్రం పదేళ్లుగా పుస్తకం ముట్టనివారిని ఇబ్బంది పెడతాయి. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కనుక ఉద్యోగంలో ఉంటూనే పరీక్ష రాసి, ఫలితం చూసుకుని నిర్ణయం తీసుకునే వీలుంది. రాజీనామా చేసి శిక్షణకు వెళ్లడం తొందరపాటే.

ఐఐటీ బాంబే, కాన్పూర్‌, రూర్కీ, ధన్‌బాద్‌లతో పాటు ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఈ రంగంలో పీజీ చదివే వీలుంది. కొన్నిచోట్ల ఇంజినీరింగ్‌ డిగ్రీ లేని ఎమ్మెస్సీ వారినీ ఎంటెక్‌కు తీసుకుంటారు. గేట్‌లో రాణించనివారికి రెండు రాష్ట్రాల్లోనూ పీజీఈసెట్‌ ఉంది. అయితే ఎమ్మెస్సీ మీద ఎంటెక్‌ చేసినవారిని బీటెక్‌ అడిగే కొలువులకు అన్నిచోట్లా అర్హులుగా పరిగణించరు. సీటు వచ్చిందన్న సంతోషంలో ఈ సంగతి మరుగున పడిపోతుంటుంది.

లెక్క తేలేది ఇక్కడే

గేట్‌ అర్హతతో పూర్తికాలపు ఎంటెక్‌లో చేరినవారికి ఏఐసీటీఈ ఉపకార వేతనం నెలకు రూ.12,400. రెండేళ్లకు రూ.2,97,600 అవుతుంది. ప్రస్తుత జీతం నెలకు రూ.45 వేలు అనుకుంటే ఆ రెండేళ్లలో వదులుకునేది రూ.10.80 లక్షలు. తేడా రూ.7,82,400. దీనికి ఫీజు, వసతి ఖర్చు అదనం. చదువు పూర్తయ్యాక జీతం నెలకు రూ.15 వేలు పెరిగినా ఈ తేడా ఒక్కటే పూడటానికి నాలుగేళ్లకు పైగా పడుతుంది. 28 ఏళ్ల వ్యక్తికి ఇది సమ్మతమే కావచ్చు. 42 ఏళ్ల వ్యక్తి ఇంట్లో అందరితో కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. యాజమాన్యమే పంపే స్పాన్సర్డ్‌ విభాగం కొన్ని సంస్థల్లో ఉంది. ఉపకార వేతనం ఉండదు గానీ ఉద్యోగం నిలుస్తుంది. అడిగితే పోయేదేమీ లేదు.

ఉద్యోగం మానకుండా చదవాలనుకునేవారికి మరో వెసులుబాటు ఉంది. పనిచేస్తున్నవారి కోసం అనువైన వేళల్లో తరగతులు నడుపుకొనేందుకు ఏఐసీటీఈ 2023లో కళాశాలలకు అవకాశమిచ్చింది. కనీసం ఏడాది అనుభవం ఉండాలి, పనిచేసే చోటు కళాశాలకు నిర్ణీత దూరంలో ఉండాలి. సమీప కళాశాలలో ఈ శాఖకు అనుమతి ఉందో లేదో ఏఐసీటీఈ వెబ్‌సైట్లో సరిచూసుకున్నాకే ఫీజు కట్టాలి.

‘దూరవిద్యలో బీటెక్‌, ఎంటెక్‌’ ప్రకటనలకు మాత్రం దూరంగా ఉండాలి. ఇంజినీరింగ్‌ను దూరవిద్యలో బోధించరాదని యూజీసీ నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజినీరింగ్‌ పట్టాలిచ్చిన నాలుగు డీమ్డ్‌ విశ్వవిద్యాలయాల వ్యవహారంలో సుప్రీంకోర్టు 2017 నవంబరు 3న తీర్పు వెలువరించింది. 2001-05 మధ్య చేరినవారి పట్టాలను నిలిపివేసి, ఏఐసీటీఈ పరీక్ష నెగ్గితేనే చెల్లుతాయంది. ఆ తర్వాత చేరినవారి పట్టాలను రద్దుచేసింది. నష్టపోయినవారిలో అప్పటికే ఉద్యోగాల్లో ఉండి, పదోన్నతి కోసం చదివినవారే అధికం. ఎమ్మెస్సీ, డిప్లొమాలకు ఈ నిషేధం వర్తించదు. అయినా ఏ విశ్వవిద్యాలయానికి ఏ కోర్సులో అనుమతి ఉందో యూజీసీ జాబితాలో చూసుకోవడం మంచిది.

అమెరికాలో ఎంఎస్‌ చేస్తే మేలన్న సలహా మన జిల్లాల్లో ప్రతి వీధిలోనూ వినిపిస్తుంది. అక్కడ ఇంజినీరింగ్‌ డిగ్రీ లేనివారు ముందుగా కొన్ని బీటెక్‌ స్థాయి పాఠాలు పూర్తిచేయవలసి రావచ్చు. నమూనాలపై సంతకం పెట్టే అధికారమున్న ప్రొఫెషనల్‌ ఇంజినీరు లైసెన్సుకు ఏ డిగ్రీ చెల్లుతుందన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఫీజులు రూపాయల్లోకి మార్చి చూసుకుంటే పై లెక్క మరింత బరువెక్కుతుంది.

గేట్‌ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలవుతాయి. పరీక్ష ఫిబ్రవరిలో, ఫలితాలు మార్చిలో. తరగతులు జులై, ఆగస్టుల్లో ఆరంభం. దరఖాస్తుకు ముందు ఒక పని చేయవచ్చు. తమ కర్మాగారంలోనే పర్యావరణ విభాగానికి రెండు మూడు నెలలు బదిలీ అడగవచ్చు. శుద్ధి కేంద్రంలో గాలి పంపే యంత్రం నడిరాత్రి ఆగిపోతే ఏం చేయాలో, మండలి తనిఖీ బృందం వచ్చిన రోజు రికార్డులు ఎలా చూపాలో దగ్గరి నుంచి చూశాక కూడా ఆసక్తి నిలిస్తే, అపుడు దరఖాస్తు నింపవచ్చు.