పాత వస్తువు – కొత్త ప్రయోజనం

వస్తువు ఆయుర్దాయం వేరు. దానితో యజమానికున్న అవసరం వేరు. అవసరం తీరినంత మాత్రాన వస్తువు ఆయువు తీరినట్లు కాదు. విశాఖపట్నంలోని రామకృష్ణా బీచ్‌ను చూసినవారికి ఈ సత్యం సులభంగా బోధపడుతుంది. 1969లో భారత నౌకాదళంలో చేరిన కుర్సుర జలాంతర్గామి 2001లో విధుల నుండి విరమించింది. దానిని తుక్కుగా మార్చకుండా తీరానికి చేర్చి, 2002లో ప్రదర్శనశాలగా తీర్చిదిద్దారు. 2017లో టి.యు.142 గస్తీ విమానానికి కూడా అక్కడే ఇటువంటి గౌరవం దక్కింది. విధులు ముగిసిన ఈ రెండింటికీ తగిన స్థలం, స్పష్టమైన ప్రయోజనం, నిరంతర సంరక్షణ లభించాయి. ఒకరు వాడి విడిచిన వస్తువును మరొకరు ఇంటికి తెచ్చుకొనేటప్పుడు యోచించవలసినవి కూడా ఈ మూడే.

వాడిన వస్తువుల క్రయవిక్రయాలకు విశాఖ సహజంగా అనువైన నగరం. 1933లో ఓడరేవు ప్రారంభమైనప్పటి నుండి ఇక్కడికి దేశం నలుమూలల నుండి ఉద్యోగులు రాసాగారు. నౌకా నిర్మాణ కేంద్రం, తూర్పు నౌకాదళం, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఈ రాకపోకలను మరింత పెంచాయి. బదిలీపై వెళ్లేవారు, పదవీ విరమణ చేసి క్వార్టర్లు ఖాళీ చేసేవారు తమ సామగ్రినంతా వెంట తీసుకొని పోలేరు. మంచాలు, బీరువాలు, సైకిళ్లు, చదువు బల్లలు, పుస్తకాలు అప్పుడు తక్కువ ధరకు లభిస్తాయి. కొత్తగా కాపురం పెట్టినవారికి, అద్దె గదుల్లో ఉండి చదువుకొనే విద్యార్థులకు ఇవి ఎంతో ఆసరా అవుతాయి.

ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. అన్నగారి పాఠ్యపుస్తకాలు తమ్ముడికి, అక్క పరికిణీ చెల్లెలికి అందడం తెలుగు ఇండ్లలో అనాదిగా ఉన్నదే. పాత బట్టలు తీసుకొని స్టీలు గిన్నెలిచ్చే వర్తకులు వీధి వీధినా తిరిగేవారు. హైదరాబాదు కోఠీలోని పాత పుస్తకాల దుకాణాలు ఎందరో పేద విద్యార్థుల చదువుకు తోడ్పడ్డాయి. గుజరాత్‌లోని అలంగ్ తీరంలో కాలం చెల్లిన ఓడలను విడదీస్తారు. వాటిలోని కుర్చీలు, పరుపులు, వంటపాత్రలు ఆ దారి పొడవునా ఉన్న దుకాణాలలో అమ్ముడుపోతాయి.

ఇందువలన ప్రకృతికి కలిగే మేలు కూడా గణనీయమైనది. విశాఖ ఉక్కుకు కావలసిన ఇనుప ఖనిజం ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుండి వస్తుంది. ఒక టన్ను పాత ఉక్కును కరిగించి తిరిగి వాడితే సుమారు 1.4 టన్నుల ఇనుప ఖనిజం, 740 కిలోల బొగ్గు ఆదా అవుతాయని ఉక్కు పరిశ్రమ అంచనా. కరిగించే అవసరం కూడా లేకుండా పాత బీరువాను బీరువాగానే మరో ఇరవై ఏండ్లు వాడుకుంటే కలిగే ఆదా ఇంకా ఎక్కువ.

అయితే చౌకదనం ఒక ఆకర్షణ. అవసరం లేని వస్తువు ఎంత చౌకగా లభించినా అది ఖరీదైనదే. "కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ" అన్న సామెత ఇటువంటి బేరాలకు చక్కగా వర్తిస్తుంది. బల్ల కోసం వెళ్లినవారు బల్లతో పాటు రెండు విరిగిన కుర్చీలు, ఒక పాత టేపురికార్డరు తెచ్చుకొంటారు. అవి మొదట వరండాలోను, పిదప మంచం క్రిందను, చివరకు అటక మీదను చేరుతాయి.

ఇంట్లో స్థలానికి కూడా వెల ఉన్నదని చాలామంది గుర్తించరు. ఉదాహరణకు 450 చదరపు అడుగుల ఇంటికి ఒక కుటుంబం నెలకు 9,000 రూపాయల అద్దె చెల్లిస్తున్నదనుకొందాం. అప్పుడు ఒక్కొక్క చదరపు అడుగుకు నెలకు 20 రూపాయలు పడుతుంది. ఆ ఇంట్లో 3,000 రూపాయలకు కొన్న పాత సోఫా 30 చదరపు అడుగులు ఆక్రమిస్తే, దానికి నెలకు 600, సంవత్సరానికి 7,200 రూపాయల అద్దె కట్టినట్లే. అంతకంటె పెద్ద నష్టం మరొకటి ఉంది. పిల్లలు చదువుకొనే మూల, వృద్ధులు నిరాటంకంగా నడిచే దారి, నలుగురు కలిసి భోజనం చేసే చోటు ఆ సామాను క్రింద మాయమవుతాయి. ఏ ధరకూ తిరిగి కొనలేనివి అవి.

కనుక కొనుటకు ముందే కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఈ వస్తువుతో రానున్న నెల రోజులలో పని ఉన్నదా? ఇంట్లో దీనికి నిర్ణీతమైన చోటు ఉన్నదా? దీని బదులు ఏ వస్తువు బయటకు పోతుంది? చూడగానే కొనకుండా కనీసం ఒక రోజు ఆగడం, ఉంచదలచిన చోటును, ఇంటి ద్వారాన్ని టేపుతో కొలిచి చూసుకోవడం మంచి అలవాట్లు.

పరీక్షించి కొనడం తరువాతి మెట్టు. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ ఇనుమును త్వరగా తుప్పు పట్టిస్తాయి. అందుచేత బీరువా పైరంగును మాత్రమే కాక అడుగు భాగాన్ని, కాళ్లను, బందులను చూడాలి. చెక్క సామానులో చెదలను, మంచాల సందులలో నల్లులను వెదకాలి. పాత రిఫ్రిజిరేటరు విషయంలో ధరతో పాటు విద్యుత్తు ఖర్చును కూడా లెక్కించాలి. అది రోజుకు ఒకటిన్నర యూనిట్లు అదనంగా వాడితే, యూనిటు 5 రూపాయల చొప్పున ఏడాదికి సుమారు 2,700 రూపాయల భారం పడుతుంది. దెబ్బ తగిలిన హెల్మెట్టు, వంటగ్యాసు రబ్బరు గొట్టం వంటివి ప్రాణరక్షణకు సంబంధించినవి. వీటిని ఎంత చౌకగా వచ్చినా పాతవి కొనరాదు.

వస్తువు ఎక్కడిదో తెలుసుకోవడం కూడా కొనుగోలుదారు బాధ్యతే. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం, దొంగసొత్తు అని తెలిసి తీసుకొన్నవారికి మూడేండ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. సెల్‌ఫోను కొనేటప్పుడు *#06# నొక్కితే కనిపించే 15 అంకెల సంఖ్యను, 2023లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన సంచార్ సాథీ సేవ ద్వారా సరిచూసుకోవచ్చు. మోటారు వాహనమైతే రవాణా శాఖ రికార్డులలో యజమాని పేరు మార్పించుకోవడం తప్పనిసరి.

ఇంటికి వచ్చిన వస్తువుకు చోటివ్వాలంటే అవసరం తీరిన వస్తువును పంపివేయాలి. ఒకటి లోపలికి వస్తే ఒకటి బయటకు పోవాలన్న నియమాన్ని ఇంటిల్లిపాదీ పాటిస్తే అటక నిండదు. అయితే తాతగారి పడకకుర్చీ, అమ్మమ్మ ఇత్తడి బిందె వంటివాటి విలువ ధరలో ఉండదు. వాటిని తొలగించే విషయంలో పెద్దల మాటకు గౌరవమివ్వాలి. వాడదగిన వస్తువులను భోగిమంటలలో వేయకుండా ఇతరులకు ఇవ్వడం మేలు. పనికిరాని సామానును మేడపైకి చేర్చడం తుఫానుల తీరంలో ప్రమాదకరం కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను అతలాకుతలం చేసింది. అటువంటి గాలులలో మేడపై వదలిన రేకు ముక్క, విరిగిన కుర్చీ ప్రాణాంతకాలు కాగలవు.

మన పూర్వులు యమనియమాలలో అపరిగ్రహాన్ని చేర్చారు. అవసరానికి మించి కూడబెట్టకపోవడమే అపరిగ్రహం. పాత వస్తువును కొనడం పేదరికానికి చిహ్నం కాదు. కొత్త వస్తువును కొనడం గొప్పతనానికి నిదర్శనమూ కాదు. వస్తువును దాని ఆయువు తీరేదాకా పూర్తిగా వాడుకోవడం, తనకు అక్కర లేనప్పుడు అక్కర ఉన్నవారి చేతికి అందించడం వివేకవంతుల లక్షణం. ఈ సంవత్సరం చదివిన పాఠ్యపుస్తకాన్ని చిరగకుండా, మరకలు పడకుండా కాపాడి, రానున్న సంవత్సరం మరొక విద్యార్థికి అప్పగించడంతోనే ఈ వివేకాన్ని అభ్యసించవచ్చు.