గని మూతపడినా మిగిలేది

బొగ్గు అనగానే మనకు రైలింజను, విద్యుత్కేంద్రం, ఫ్యాక్టరీ పొగగొట్టం స్ఫురిస్తాయి. అర్థశాస్త్రం దానిని టన్నులలో కొలుస్తుంది. భూగోళశాస్త్రం పటంలో నల్లని చుక్కగా చూపుతుంది. కాని ఒక ప్రాంతపు ప్రజలు తరతరాలుగా భూగర్భంలోనికి దిగి జీవించినప్పుడు, ఆ పని వారి పాటలోను, పండుగలోను, చావుబ్రతుకుల ఆచారాలలోను ఎట్లు ఇంకిపోతుందో తెలుసుకొనుట అరుదు. ఆ సంగతిని కన్నులకు కట్టిన ఒక డాక్యుమెంటరీ చిత్రాన్ని విద్యార్థిలోకానికి పరిచయం చేయదలచినాము.

దాని పేరు ‘ది మైనర్స్ హిమ్స్’, అనగా గనికార్మికుల స్తోత్రగీతాలు. అమెరికన్ దర్శకుడు బిల్ మోరిసన్ 2010లో దీనిని రూపొందించినాడు. సంగీతం ఐస్‌లాండు దేశీయుడైన యోహాన్ యోహాన్సన్‌ది. కథావస్తువు ఇంగ్లండు ఈశాన్య భాగంలోని డర్హం బొగ్గుక్షేత్రం. గంటకు లోపు సాగే ఈ చిత్రంలో వ్యాఖ్యానం లేదు, సంభాషణ లేదు. పాత నలుపు తెలుపు చిత్రాల నుండి ఏరికూర్చిన దృశ్యాలు, వాటి వెంట ఇత్తడి వాద్యాల గంభీరనాదం – ఇంతే.

ఈ దృశ్యాల విలువ గ్రహించాలంటే డర్హం చరిత్ర కొంత తెలియాలి. 1913 నాటికి అక్కడి గనులలో లక్షా అరవై వేలకు పైగా కార్మికులు ఉండేవారు. గని చుట్టూనే పల్లె వెలసేది. ఇల్లు కంపెనీది, పని విరమించిన వృద్ధుడు ఆ ఇంటిని విడిచిపోవలసి వచ్చేది. ఈ దుస్థితిని చూచి కార్మికులే తమ కూలిలో నుండి చందాలు వేసికొని, 1898లో సంఘాన్ని స్థాపించి, వృద్ధకార్మికులకు ఇండ్లు సమకూర్చినారు. భూగర్భంలో ఒకని ప్రాణం పక్కవాని జాగ్రత్తపై ఆధారపడి ఉంటుంది. ఆ పరస్పర విశ్వాసమే పైకి వచ్చి సంస్కృతిగా రూపొందినది.

దానికి పరాకాష్ఠ ‘డర్హం మైనర్స్ గాలా’. 1871లో ఆరంభమైన ఈ ఉత్సవం జూలై మాసంలో జరుగుతుంది. ప్రతి గని కార్మికసంఘం చిత్రాలు వేసిన తన పెద్ద పతాకను, తన వాద్యబృందాన్ని వెంటబెట్టుకొని నగరంలోనికి వస్తుంది. గనిలో ప్రాణనష్టం జరిగిన ఏడాది ఆ పతాకకు నల్లని వస్త్రం కప్పుతారు. 1951లో ఈజింగ్టన్ గని పేలుడులో 83 మంది మరణించినారు. అటువంటి పల్లెకు పతాక ఒక అలంకారం కాదు, సంతాపపత్రం కూడా. 1934లో వేల్సులోని గ్రెస్‌ఫర్డ్ గనిలో 266 మంది మరణించగా, ఆ దుర్ఘటన స్మృతికై డర్హం ప్రాంతపు గనికార్మికుడు రాబర్ట్ సెయింట్ కట్టిన స్వరరచనను నేటికీ అక్కడ నిలబడి వింటారు. దానికీ మాటలు లేవు.

1984–85 నాటి మహాసమ్మె విఫలమైనది. 1993లో డర్హం క్షేత్రంలోని చివరి గని, మంక్‌వేర్‌మౌత్, మూతపడినది. ఆ స్థలంలో 1997లో ఫుట్‌బాల్ స్టేడియం వెలసినది. ఆకాశం నుండి తీసిన రంగుల దృశ్యాలలో దర్శకుడు ఒకనాటి గనుల స్థలాలను చూపుతాడు; గని జాడ కానరాదు. కాని పతాకలు మాత్రం నేటికీ ఏటేటా ఊరేగుతూనే ఉన్నవి. బొగ్గు పోయినది; బొగ్గు కలిపిన మనుషులు మిగిలినారు.

అయితే ఒక లోపం చెప్పకతప్పదు. ఈ చిత్రంలో కార్మికుని ముఖం చూస్తాము గాని అతని మాట వినము.

ఇచ్చట మన సంగతి జ్ఞప్తికి వస్తుంది. గాలా ఆరంభమైన ఆ 1871లోనే ఇల్లెందు సమీపాన డాక్టర్ కింగ్ బొగ్గును కనుగొన్నాడు. అక్కడ త్రవ్వకపు హక్కులు 1886లో పొందిన హైదరాబాదు దక్కన్ కంపెనీ ఇంగ్లండులో రిజిస్టరైనదే. 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడినది. కొత్తగూడెం, బెల్లంపల్లి, గోదావరిఖని ప్రాంతాలలో గనిని ‘బాయి’ అంటారు. సర్దార్, హాజరు, నాగా వంటి ఉర్దూ పదాలు తెలుగు కార్మికుని నోట సొంతమాటలైనవి. తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన తరం వృద్ధాప్యానికి చేరినది. నేడు సింగరేణి బొగ్గులో అధికభాగం ఓపెన్‌కాస్టు గనుల నుండే వస్తున్నది.

ఒకనాడు మా తరగతిలో గనుల ప్రాంతపు విద్యార్థిని, “మీ తాతగారు బాయిలో ఏ పని చేసేవారు?” అని అడిగినాము. అతడు కొంతసేపు ఆలోచించి, “సింగరేణిలో చేసేవారండీ, ఏం పనో అడగలేదు” అన్నాడు. ఆ జవాబు మమ్ములను బాధించినది. తాతగారు జీవించి లేరట.

విద్యార్థులారా! చిత్రం తీయుటకు ధనం కావాలి. అడిగి వ్రాసికొనుటకు ఒక నోటుపుస్తకం చాలు. ఈ వేసవి సెలవులలో మీ ఇంటి పెద్దల ఎదుట కూర్చొని వారి పనిని, పాటను, భయాన్ని వారి మాటలలోనే వ్రాసికొని రండి. తెలుగులోనైనా సరే, ఉర్దూలోనైనా సరే. వచ్చే సంచికలో వాటికి చోటు కల్పించవలసినదిగా కళాశాల కమిటీని సవినయంగా కోరుతున్నాము.