నార ఊరవేత

జనుము, గోగు, నూనెగింజ అవిసె వంటి మొక్కల కాడలను నీటిలో నానబెట్టి, బెరడులోని నారను సూక్ష్మజీవుల సాయంతో వేరుచేసే ప్రక్రియను ఊరవేత అంటారు. చూడటానికి ఇది కాడలను కుళ్ళబెట్టడమే. కాని కుళ్ళవలసింది నార కాదు, నారను అంటిపెట్టుకొని ఉన్న జిగురు మాత్రమే.

ఎందుకు అవసరం?

ఆదిలాబాదు ప్రాంతంలో విస్తారంగా పండే పత్తికి ఊరవేత అక్కరలేదు. పత్తిపోగు గింజపై పెరుగుతుంది కనుక గింజను వేరుచేస్తే చాలు. జనుము నార కాడ బెరడులో ఉంటుంది. పెక్టిన్ అనే జిగురు పదార్థం దానిని చుట్టూ ఉన్న కణజాలానికి అతికించి ఉంచుతుంది. ఈ నారతో పగ్గాలు, తలుగులు, మోకులు పేనుతారు. కరీంనగర్ ప్రాంతపు వరిపొలాలలో జనుమును పచ్చిరొట్ట ఎరువుగా కూడా దున్నివేస్తారు. అప్పుడు మొక్క అంతా నేలలోనే కుళ్ళిపోతుంది. ఊరవేతలో ఆ కుళ్ళును మధ్యలోనే ఆపాలి.

జరిగే విధానం

కోసిన కాడల ఆకులు రాల్చి, కట్టలు కట్టి, కుంటలో పడుకోబెట్టి, బరువు పెట్టి ముంచుతారు. కాడలలోని చక్కెరలు నీటిలోకి దిగగానే బాసిల్లస్ వంటి బాక్టీరియాలు వృద్ధి చెంది నీటిలోని ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. ఆక్సిజన్ తగ్గిన తరువాత క్లాస్ట్రిడియం జాతులు విజృంభిస్తాయి. ఇవి విడుదల చేసే పెక్టినేజ్ ఎంజైములు పెక్టిన్‌ను విడగొట్టడంతో నార వదులవుతుంది. వెచ్చని నీటిలో జనుముకు సుమారు 4 నుండి 7 రోజులు, గోగుకు రెండు మూడు వారాలు పడుతుంది. ఐరోపాలో లినెన్ వస్త్రానికై పండించే అవిసెను ఎక్కువగా పొలంలోనే పరచి మంచుకు తడవనిస్తారు. అక్కడ ప్రధానంగా పనిచేసేవి శిలీంధ్రాలు.

సరైన సమయం

తక్కువ ఊరితే బెరడు ముక్కలు నారను అంటుకొనే ఉంటాయి. ఎక్కువ ఊరితే సూక్ష్మజీవులు నారలోని సెల్యులోజును కూడా తినివేస్తాయి, తాడు తెగుతుంది. అందువలన చివరి రోజులలో ప్రతి దినం ఒక కాడను తీసి పరీక్షించాలి. బెరడు పుల్లనుండి తేలికగా, తెగకుండా ఊడివస్తే వెంటనే కట్టలు తీసి, మంచి నీటిలో కడిగి ఎండబెట్టాలి.

నీటి సమస్య

ఊరవేసిన నీటిలో ఆక్సిజన్ తగ్గి చేపలు చనిపోవచ్చు. చేపలు పెంచే చెరువులో కాక వేరే కుంటలో ఊరవేయడం మేలు. పశ్చిమ బెంగాల్‌లోని బారక్‌పూర్‌లో ఉన్న కేంద్ర జనపనార పరిశోధనా సంస్థ బాసిల్లస్ ప్యుమిలస్ రకాలతో "క్రైజాఫ్ సోనా" అనే పొడిని రూపొందించింది. దీనిని కట్టలపై చల్లితే జనపనార ఊరే కాలం సుమారు వారం తగ్గుతుంది. అయితే కాడను తీసి పరీక్షించే పని మాత్రం తప్పదు.