మొదటి రోజు లైను జూసి మురువొద్దు

కొత్త సినిమా పడ్డనాడు మొదటి రోజు కలెక్షన్లు ఎంతనో అని ఇద్దరు హీరోల అభిమానులు ఎట్ల లొల్లి వెట్టుకుంటరో మనకు ఎరుకే. గేమింగ్ కన్సోల్ల కాడ గూడ గదే కథ. టీవీకి పెట్టి ఆడే ఈ మిషిన్లల్ల సోనీది ప్లేస్టేషన్, మైక్రోసాఫ్ట్‌ది ఎక్స్‌బాక్స్, నింటెండోది స్విచ్. కొత్తది వచ్చినప్పుడల్లా "ఒక్క రోజుల ఇన్ని లక్షలు అమ్ముడువోయినయి" అని కంపెనీ చెప్తది. అభిమానులు దాన్నే జెండా లెక్క పట్టుకొని తిరుగుతరు. ఆ లెక్క ఏం చెప్తది, ఏం చెప్పదు అన్నది తెల్వకపోతె నష్టపోయేది కంపెనీ గాదు, జేబుల పైసలు తీసేటోళ్లే.

2013 నవంబర్ సంగతి జూడున్రి. 15వ తారీఖున సోనీ ప్లేస్టేషన్ 4 తెచ్చింది. 24 గంటలల్ల 10 లక్షలు అమ్మినం అన్నది. వారం తర్వాత, 22న, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్ తెచ్చింది. వాళ్లు గూడ 24 గంటలల్ల 10 లక్షలే అన్నరు. హెడ్డింగు సదివినోళ్లకు ఇద్దరూ సమానమే. కానీ సోనీ అమ్మింది అమెరికా, కెనడా రెండు దేశాలల్ల. మైక్రోసాఫ్ట్ అమ్మింది 13 దేశాలల్ల. ఆఖరికి ఏమైంది? ప్లేస్టేషన్ 4 మొత్తం 11 కోట్ల 70 లక్షలు దాటింది. మైక్రోసాఫ్ట్ అయితే 2015 నుంచి అమ్మకాల లెక్క చెప్పుడే బంద్ వెట్టింది. సోనీ తమకంటె రెండింతలకు పైగా అమ్మిందని 2022ల బ్రెజిల్ అధికారులకిచ్చిన కాయిదంల వాళ్లే ఒప్పుకున్నరు.

మరి మొదటి రోజు లెక్క దేన్ని కొలుస్తది? గిరాకీని కాదు, ఎక్కువ శాతం సరుకునే కొలుస్తది. రిలీజ్‌కు ముందు ఫ్యాక్టరీ ఎన్ని తయారు చేసిందో, దుకాన్లకు ఎన్ని పంపిందో గన్నే అమ్ముడుపోతయి. కొనేటోళ్లు 20 లక్షల మంది ఉన్నా, పంపింది 5 లక్షలైతె లెక్క 5 లక్షల కాడనే ఆగుతది. 2000 అక్టోబర్‌ల ప్లేస్టేషన్ 2 అమెరికాకు వచ్చినప్పుడు గట్లనే అయింది. 10 లక్షలు పంపుతమన్న సోనీ, విడిభాగాలు దొరకక 5 లక్షలే పంపింది. దుకాన్లల్ల అల్మారాలు ఖాళీ. అయినా ఆ మిషిని తర్వాత 16 కోట్లు దాటి, ప్రపంచంల అందరికంటె ఎక్కువ అమ్ముడువోయిన కన్సోల్ అయింది.

దానికి ఎదురు నిలవడ్డది సెగా కంపెనీ డ్రీమ్‌కాస్ట్. 1999 సెప్టెంబర్ 9న అమెరికాల దాని రిలీజ్ పెద్ద పండుగ లెక్క జరిగింది. ధర 199 డాలర్లు. ఒక్క రోజుల 2 లక్షల 25 వేలకు పైగా మిషిన్లు పోయినయి. గేములు కలుపుకొని 9 కోట్ల 80 లక్షల డాలర్ల యాపారం అయిందని సెగా చెప్పుకున్నది. ఏడాదిన్నర తిరగకముందే, 2001 జనవరి 31న, ఇగ దాన్ని తయారు చేయం అని అదే సెగా ప్రకటించింది. మొత్తం అమ్మింది కోటి గూడ దాటలే.

ఎందుకట్లైంది? మిషిని మంచిది కాకనా? కాదు. ఫుట్‌బాల్ గేములు చేసే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అసొంటి పెద్ద కంపెనీ డ్రీమ్‌కాస్ట్‌కు గేములే చెయ్యలే. అటు సోనీ, ప్లేస్టేషన్ 2ల డీవీడీ సినిమాలు జూడొచ్చు, పాత ప్లేస్టేషన్ గేములు గూడ ఆడొచ్చు అని ముందుగాల్నే చెప్పింది. మస్తు మంది జర ఆగుదమనుకున్నరు. మొదటి రోజు లైన్ల నిలవడ్డోళ్లు ఎందరో లెక్కవెట్టొచ్చు గనీ, ఇంట్ల కూసొని ఆగినోళ్లను ఎవలు లెక్కవెడ్తరు?

అసలు యాపారం ఏందంటె, కంపెనీలకు లాభం డబ్బా మీద గాదు. డబ్బాను కొత్తల పావలా లాభానికో, నష్టానికో అమ్ముతరు. ఆ తర్వాత వేరే కంపెనీల గేములు తమ స్టోర్ల అమ్ముడువోయినప్పుడల్లా వందకు దాదాపు 30 కమీషన్ తీసుకుంటరు. అందుకే మొదటి వారం హడావుడి వాళ్లకు అంత అవసరం. జనం మస్తుగ కొంటున్నరని తెలిస్తె గేములు చేసేటోళ్లు ఇటు వస్తరు. దోస్తుల కాడ ఏ మిషిని ఉన్నదో జూసి మిగతా పిలగాండ్లు గూడ అదే అడుగుతరు. అట్లని మొదటి రోజు లెక్క పూరా అబద్ధం గాదు. బండి స్టార్ట్ అయిందని చెప్తది, ఊరు చేరుతదని చెప్పదు.

ఇగ మనకు సంబంధించిన ముచ్చట. ప్లేస్టేషన్ 5 అమెరికాకు 2020 నవంబర్ 12న వస్తె, మన దేశానికి 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. ధర 49,990 రూపాయలు. జనవరి 12న ఆన్‌లైన్‌ల బుకింగులు తెరిస్తె నిమిషాలల్లనే ఒడిసిపోయినయి. బుక్ చేసుకున్నోళ్లల్ల కొందరు ఆడనీకి గాదు, ఎక్కువ రేటుకు అమ్మనీకి కొన్నరు. సరుకు కొరత అంటెనే బ్లాకోళ్లకు పండుగ. కంపెనీకి మొదటి రోజు ఒడిసిపోయిందన్న పేరు, బ్లాకోనికి పైసలు, మీదికెళ్లి ఇచ్చి కొన్నోనికి ఏం మిగిలింది? నాలుగు నెలలు ముందుగాల ఆడిన సంతోషం.

ముందుగాల కొన్నోళ్లకు ఇంకో తిప్పల గూడ ఉన్నది. 2005ల వచ్చిన ఎక్స్‌బాక్స్ 360ల మూడు ఎర్ర లైట్లు వెలిగి ఆగిపోయే రోగం పుట్టింది. 2007ల మైక్రోసాఫ్ట్ వారంటీని మూడేండ్లకు పెంచి, దానికోసం 100 కోట్ల డాలర్లకు పైగా పక్కకు పెట్టాల్సొచ్చింది. అదే కంపెనీ 2013 నవంబర్‌ల 499 డాలర్లకు అమ్మిన ఎక్స్‌బాక్స్ వన్‌ను, కైనెక్ట్ కెమెరా తీసేసి 2014 జూన్‌ల 399కే ఇచ్చింది. కెమెరా వద్దనుకున్నోడు ఏడు నెలలు ఆగితె 100 డాలర్లు మిగిలేటివి.

కొనొద్దని గాదు. ఆట మీద ఇష్టం ఉన్నోడు కొనుక్కుంటడు, తప్పేం లేదు. కానీ యాభై వేలంటె మన ఇండ్లల్ల చిన్న మాట గాదు, చానామందికి రెండు మూడు నెలల జీతం. కొనే ముందు లైను ఎంత పొడుగున్నదో కాదు, నువ్వు ఆడే గేములు దాని మీద ఇప్పుడు ఉన్నయా, ఒక్కో గేముకు ఎంతైతది, ఖరాబైతె దగ్గర్ల బాగు చేసేటోళ్లు ఉన్నరా అన్నది చూడాలె. ఇవి ఏవీ మొదటి రోజు తెల్వయి. ఏడాది ఆగితె అన్నీ తెలుస్తయి. డబ్బా యాడికీ పోదు.