చిల్లు పెన్నీ మీద ఎనిమిదో ఎడ్వర్డ్

ఎనిమిదో ఎడ్వర్డ్ 1936 జనవరిలో బ్రిటన్ గద్దెనెక్కి, డిసెంబరులోనే దిగిపోయాడు. ఆయన బొమ్మతో కొట్టిన నాణేలేవీ అక్కడి జనం చేతికి రాలేదు. నమూనాగా కొట్టిన బంగారు సావరిన్ ఒకటి 2020లో పది లక్షల పౌండ్లు పలికింది. అదే రాజు పేరున్న ఫిజీ పెన్నీ మాత్రం మామూలు జీతగాడు కూడా కొనుక్కోగలడు!

ఆ పెన్నీ నడుమ చిల్లు ఉంది. రాజు బొమ్మకు చోటే లేదు కనుక కొత్త ముఖం చెక్కేదాకా ఆగే పని లేకపోయింది. కిరీటం అలాగే ఉంచి, చుట్టూ పేరు మార్చి అచ్చు వేసేశారు.

ఫిజీ 1874లోనే బ్రిటిష్ వలస అయినా, సొంత నాణేలు వచ్చింది 1934లో. ఆరు పెన్నీల బిళ్లపై తాబేలు, షిల్లింగుపై తెరచాప పడవ కనిపిస్తాయి. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా అక్కడి చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. ఒప్పందం ప్రకారం మగవాళ్లకు రోజుకు షిల్లింగు, ఆడవాళ్లకు తొమ్మిది పెన్నీలు. ఆ కూలి వాళ్లకు ఇంగ్లండు నాణేల్లోనే ముట్టింది. తాబేలు బిళ్ల వచ్చేనాటికి ఒప్పందాలు రద్దై పద్నాలుగేళ్లయింది. అందుకే ఫిజీ నాణేలు పోగుచేసేవారి పెట్టెలో ఆనాటి ఇంగ్లండు షిల్లింగు ఒకటి తప్పక ఉండాలి.

యుద్ధకాలపు నాణేలు మరీ ఆసక్తికరం. 1942, 43లలో ఫిజీ చిల్లర అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో తయారైంది. ‘ఎస్’ అక్షరమే దాని గుర్తు. అంతకుముందు సగమే వెండి ఉన్న షిల్లింగులో 90 శాతం వెండి చేరింది, పెన్నీ ఇత్తడిదైంది. చిల్లరకు కటకటై 1942లో ఒక్క పెన్నీకి కాగితం నోటు కూడా వేశారు. మన పెద్దలు వాడిన చిల్లుకాణీ పుట్టిందీ ఆ యుద్ధంలోనే, 1943లో.

1945 పెన్నీ పక్కన 1949 పెన్నీ పెట్టి చూస్తే, ఆరో జార్జి పేరు పక్కన ఉండే ‘చక్రవర్తి’ బిరుదు మాయమై ఉంటుంది. భారత్ స్వతంత్రమైంది కదా, ఆ బిరుదుకు ఆధారం పోయింది.

1969 జనవరి 13న డాలర్లు వచ్చేదాకా సాగిన ఈ వరుస చిన్నదే, కాబట్టి ఓపిగ్గా వెతికితే చాలావరకు పూర్తి చేసుకోవచ్చు. కొనేటప్పుడు తాబేలు పెంకు మీది గీతలు అరిగాయో లేదో చూడాలి. నల్లబడిందని చింతపండు పెట్టి మాత్రం తోమకూడదు. పైపొర పోతే, పోగుచేసేవాళ్లు దాన్ని సగం ధరకైనా తీసుకోరు.